జీవరాజు గారి నాలుగు పళ్ళ తరగతి

జీవరాజు గారికి కారు నడపడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఐదు ఊళ్ళలో ఉన్న పదహారు మంది చేత ప్రతి ఆదివారం ఇంటర్నెట్‌లో కారు పందేలు ఆడించిన మనిషి, తన పాత మోపెడ్ మీద రాజమండ్రి దానవాయిపేట నుంచి కోటిపల్లి బస్టాండు దాకా వెళ్ళడానికి ఇరవై సార్లు హారన్ కొట్టేవారు. నేను వెనక కూర్చుని రెండుసార్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను.

ఇది రెండువేల ఏడు నాటి సంగతి. ఆయనకప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. మొదట్లో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు నేర్చుకునేవాళ్ళు లేకుండా పోయాక అదే గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటర్ చేశారు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి కారు పందేల ఆట ఆడుతుంటే వాళ్ళ వెనక నిలబడి చూసేవారు. కార్లు ఆయనకేం పట్టలేదు. రోజూ ఆడేవాడు నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి చిత్తుగా ఓడించి ఎగురుతుంటే మాత్రం ఒళ్ళు మండేది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయేది పందెం ఎలా అవుతుందని ఆయన బాధ. చివరి మలుపు దాకా ఎవరికీ తెలియని పందెం, ఆడేవాళ్ళెవరూ మోసం చేయని పందెం ఒక్కటి చూడాలని ఆయన కోరిక. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇదేం కోరికండీ అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

ఆ పిచ్చి వాళ్ళ నాన్నగారి దగ్గర్నుంచి వచ్చింది. కోరుకొండ అవతల ఒక పల్లెలో, ఎడ్ల పందేలకు పళ్ళు చూసే మనిషి ఆయన. ఎద్దు వయసు పళ్ళలో తెలుస్తుంది. పాలపళ్ళవి ఒక తరగతి, రెండు పళ్ళు వేసినవి ఒకటి, ఆ పైన నాలుగు, ఆరు. ముదురు ఎడ్లని చిన్న తరగతిలో దూర్చి బహుమతి కొట్టేయాలని చూసే రైతులు ప్రతి పందెంలోనూ ఉంటారు. ఆ పెద్దాయన ఎవరి మాటా వినకుండా ఎద్దు నోట్లో చెయ్యి పెట్టి, ఒక్కొక్క పన్నూ తడిమి చూస్తేగాని చెప్పేవారు కాదట. ఒకసారి ఒక ఎద్దు నమిలేస్తే చూపుడు వేలు వంకరపోయింది. అయినా మరుసటి ఏడు మళ్ళీ అదే వేలు పెట్టారని జీవరాజు గారు గొప్పగా చెప్పుకునేవారు.

కార్ల పందేలకూ ఆయన ఆ తరగతులే పెట్టారు. ఆడాలనుకున్నవాడు ముందు రాజమండ్రి రావాలి. ఒకే కంప్యూటరు, ఒకే స్టీరింగు. మూడు వేర్వేరు రోజుల్లో పదేసి చుట్లు నడపాలి. ఆయన వెనక నిలబడి ప్రతి చుట్టూ ఎన్ని సెకన్లలో తిరిగాడో నోటుబుక్కులో రాసుకునేవారు. పాలపళ్ళా, రెండా, నాలుగా, ఆరా అన్నది అప్పుడు తేలేది. ఆ తర్వాత ఎవరి ఊరి నుంచి వాళ్ళు ఆడుకోవచ్చు. పాలకొల్లు కొబ్బరికాయల వ్యాపారి బంగార్రాజు గారికి మొదట పాలపళ్ళు వచ్చాయి. ఇంట్లో మనవడికి కూడా రెండు పళ్ళొచ్చేశాయండీ అని ఆయన మొత్తుకున్నా జీవరాజు గారు కదల్లేదు. పట్టుదలగా ఆడి ఏడాది తిరిగేసరికి నాలుగు పళ్ళ తరగతికి వచ్చాడా మహానుభావుడు.

రూళ్ళు నాలుగైదే. ఏ ఊళ్ళో కరెంటు కోత ఏ వేళకో చార్టు వేసి గోడకి అంటించుకుని, అన్ని ఊళ్ళలోనూ కరెంటుండే వేళ చూసి పందెం పెట్టేవారు. నడుమ ఒక్క ఊళ్ళో పోయినా పందెం రద్దు. వరసగా రెండుసార్లు గెలిచినవాడు పై తరగతికి పోవాలి. అన్నిటికంటే పెద్ద రూలు ఒకటుంది. పందెంలో తప్పు చేసినవాడు, ఎదుటివాడి కారుని గుద్దినా, దారికి అడ్డంగా దూసుకొచ్చినా, గంటలోపు తనంతట తనే జీవరాజు గారికి ఫోన్ చేసి చెప్పాలి. చెబితే అతని టైముకి ఐదు సెకన్లు కలుపుతారు. చెప్పకుండా దొరికితే ఒక సీజను మొత్తం బయట.

మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత అలవాటైపోయింది. పందెం అయిపోయాక ఆయన ఫోను మోగుతూనే ఉండేది. తప్పు నాదేనండి, రెండో చుట్టులో బ్రేకు ఆలస్యమైందండి అని పెద్ద పెద్ద మనుషులు చెప్పుకునేవారు. నేను కొవ్వూరు దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పేవాణ్ణి. కోపిష్ఠినని కాలేజీలో నాకు పేరు. క్లాసులో తప్పు ఒప్పుకోవడం నా ఒంటికి పడని పని. అలాంటివాణ్ణి నేను కూడా ఆదివారం సాయంత్రాలు ఆయనకి ఫోన్ చేసి తప్పులు చెప్పుకున్నాను. చెప్పాక మనసు తేలికపడేది, నిజం.

నాలుగు పళ్ళ తరగతిలో నాతో సరిజోడు లోకనాథ్. నరసాపురం కుర్రాడు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. తండ్రి లేడు, తల్లి వీరవేణి గోదావరి రేవు దగ్గర చేపలమ్ముతుంది. అతను మా కాలేజీలోనే చదివాడు, మూడేళ్ళు నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్నాడు. తర్వాత నరసాపురంలో ఒక నెట్ సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే పనిలో కుదిరి, అక్కడి నుంచే ఆడేవాడు. నోటుబుక్కులో మా ఇద్దరి సగటుకీ తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. అది చూపించి జీవరాజు గారు, "మీరిద్దరూ ఆడే పందెం కోసమేనండి ఇదంతా" అన్నారు ఒకసారి. ఆ మాటకి నాకు గర్వంగానే అనిపించింది.

ఆగస్టులో ఒక ఆదివారం నాకు పరీక్షల డ్యూటీ పడి ఆడలేదు. లోకనాథ్ గెలిచాడు. మరుసటి వారం సీజనుకి చివరి పందెం. అది కూడా గెలిస్తే అతను ఆరు పళ్ళ తరగతికి వెళ్ళిపోతాడు. ఆ రోజు మొదటి నుంచి అతను ముందు, నేను వెనక, అంటుకుపోయినట్టు పదకొండు చుట్లు తిరిగాం. ఆటలో ప్రతి కారు మీదా ఆడేవాడి పేరుంటుంది, వెనకవాడి పేరు తెర మీది అద్దంలో కనబడుతుంది. పన్నెండోది ఆఖరిది. ఆఖరి మలుపు దగ్గర అతని కారు ఉన్నట్టుండి ఎడమ పక్కకి జరిగి నెమ్మదించింది. నేను దూసుకుపోయి గెలిచాను.

అప్పుడు నాకేం తెలియదని చెప్పుకోవచ్చు. కానీ తెలుసు. కాలేజీ వరండాలో నేను ఎదురొస్తుంటే లోకనాథ్ గోడకు చేరబడి, పుస్తకాలు గుండెకి ఆనించుకుని, నమస్తే సార్ అని మెల్లగా అని, నేను దాటేదాకా కదిలేవాడు కాదు. ఆ కారు అచ్చం అలాగే పక్కకి జరిగింది. దాన్ని చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. ఆ గంటలో నేను ఫోన్ చేసి, నేను గెలవలేదండి, కుర్రాడు దారిచ్చాడండి అని చెప్పాలి. చెప్పలేదు. జన్మలో ఏ ఆటలోనూ ఏదీ గెలవనివాణ్ణి, ఆ ఒక్కటీ ఉంచుకోవాలనిపించింది. సీజను చివరి పందెం గెలిచినవాడికి జీవరాజు గారు ఇచ్చేది వాళ్ళ నాన్నగారి ఎద్దు మెడగంట. అది నా ఇంటికొచ్చి టీవీ మీద కూర్చుంది.

రీప్లేలో ఎవరి కాలు ఎప్పుడు ఏ పెడల్ మీదుందో గీతల్లో కనబడుతుంది. జీవరాజు గారు ప్రతి పందెం రీప్లే చూసేవారు. ఆఖరి మలుపులో లోకనాథ్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం ఆయన చూశారు. ఆయనకి గుర్తొచ్చింది వరండా కాదు, నాన్నగారి రైతులు. రెండో గెలుపు వస్తే పై తరగతికి పోవాల్సొస్తుందని, చిన్న తరగతిలోనే ఉండిపోవడానికి కావాలని వదిలేశాడనుకున్నారు. నరసాపురం ఫోన్ చేసి కావాలని వదిలేశావా అని అడిగారు. అవునండి అన్నాడు లోకనాథ్. ఇంకో మాట లేదు. ఆ సాయంత్రమే పదహారు మందికీ మెసేజ్ వచ్చింది, ఉద్దేశపూర్వకంగా పందెం వదిలినందుకు లోకనాథ్‌ని ఒక సీజను బయట పెట్టామని. ఆ మెసేజ్ నేను చదివి, ఫోను జేబులో పెట్టుకుని కాఫీ తాగాను.

ఆరు వారాలు అలాగే గడిపాను. గంట మీద దుమ్ము పడితే నేనే తుడిచేవాణ్ణి, ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. అప్పుడొక రోజు బంగార్రాజు గారు ఏదో పని మీద ఫోన్ చేసి, నవ్వుతూ, నరసాపురం కుర్రాడు ఎవరి దగ్గరో డబ్బు పుచ్చుకుని వదిలేశాడటండి, అక్కడి సెంటరువాళ్ళు పనిలోంచి తీసేశారట, ఆ వదిలింది మీకే కదండీ, కొంపదీసి ఇచ్చింది మీరు కాదు కదా అన్నారు. ఆయన హాస్యానికే అన్నారు. మధ్యాహ్నం కాలేజీకి సెలవు పెట్టి, బస్సెక్కి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాను.

జీవరాజు గారు కరెంటు కోతల చార్టులో ఏదో దిద్దుకుంటున్నారు. వరండా సంగతి, గోడకు చేరబడే సంగతి, నేను నోరు మూసుకున్న సంగతి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. నిజానికి తిట్టాలనే కోరుకున్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"మా నాన్న చూడకుండా చెప్పేవారు కాదండి," అన్నారు. "నేను ఎందుకొదిలేశావని అడక్కుండానే చెప్పేశాను."

నాకు శిక్ష వేయలేదాయన. రూలు ప్రకారం సీజను మొత్తం నన్ను బయట పెట్టాలి. మీరు వచ్చి చెప్పారు కదండీ, అడగని తప్పు నాది అని తన మీదేసుకున్నారు. ఆ మంచితనం నాకు ముల్లులా గుచ్చుకుంది. శిక్ష వేసి ఉంటే ఆ తర్వాతిది జరిగేది కాదేమో.

మర్నాడు ఉదయం ఆయన రాజమండ్రిలో రైలెక్కారు, నేను కొవ్వూరులో ఎక్కాను. సంచీలో గంట పెట్టుకున్నాను. నరసాపురంలో లోకనాథ్ ఇంటి దగ్గర లేడు. తల్లితో పాటు రేవులో ఉన్నాడన్నారు. వెళ్ళేసరికి ఐసు ముక్కలు కొట్టి రొయ్యల మీద పోస్తున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టి, లుంగీ సర్దుకుని లేచి నిలబడ్డాడు. జీవరాజు గారు తానెవరో చెప్పుకోగానే వీరవేణి తట్ట పక్కకు నెట్టి ముందుకొచ్చింది.

"మావోడు డబ్బు తీసుకున్నాడా లేదా, అది చెప్పండి బాబూ ముందు," అంది. "నాకొక్కదానికే కాదు. ఈ రేవులో అందరూ అంటన్నారు, అందరికీ చెప్పండి."

జీవరాజు గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ చేపల తట్టల మధ్య, తడి నేల మీద నిలబడి చేతులు జోడించి, రేవంతా వినబడేలా చెప్పారు. "తప్పు నాదేనండి. ఈ అబ్బాయి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అడక్కుండా నింద వేసింది నేను." బేరాలాడుతున్నవాళ్ళు ఆగి చూశారు. ఎవరో ముసలామె, సరేలే బాబూ, చెప్పావు కదా అంది. వీరవేణి కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ తట్ట దగ్గర కూర్చుంది.

అప్పుడు జీవరాజు గారు అడగాల్సింది అడిగారు, ఎందుకు వదిలేశావు, ఎందుకు చెప్పలేదు అని. లోకనాథ్ నా వైపు చూడకుండా నేల చూస్తూ చెప్పాడు.

"సార్ పేరు అద్దంలో కనబడతా ఉంటే ముందుకి ఎలా పోతానండి. కాలు దానంతటదే లేచిపోయింది. చెబుదామంటే, సార్ గెలుపు ఉత్తిదైపోద్ది కదండి."

నేను సంచీలోంచి గంట తీసి ఇవ్వబోయాను. మీ దగ్గరే ఉండనివ్వండి సార్ అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడైనా, నీ కారు పక్కకి జరగడం నేను చూశానురా, తెలిసే ఊరుకున్నాను అని చెప్పి ఉండాలి. ఆ రేవులో అంతమంది ముందు జీవరాజు గారు అన్న ఆ రెండు మాటలు, తప్పు నాదేనని, నా నోట రాలేదు. జీవరాజు గారు మళ్ళీ వచ్చి ఆడమంటే, సార్ లేని తరగతిలో అయితే వస్తానండి అన్నాడు.

తిరుగు రైల్లో భీమవరం దాటేదాకా జీవరాజు గారు నోటుబుక్కు తిరగేస్తూ కూర్చున్నారు. మా ఇద్దర్నీ విడదీస్తే ఆయన కోరుకున్న పందెం లేదు, కలిపితే కుర్రాడు మళ్ళీ పక్కకి జరుగుతాడు. ఇద్దరూ సమానం, ఇద్దరూ మోసగాళ్ళు కారు, అయినా పందెం కుదరదు. దానికి ఆయన నోటుబుక్కులో మందు లేదు. తర్వాత ఉన్నట్టుండి నా మోకాలి మీద తట్టి, "పేరు కనబడకపోతేనో?" అన్నారు.

అలా వచ్చింది నంబర్ల పందెం. నవంబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. ఎవరి కారు మీదా పేరుండదు, నంబరే ఉంటుంది. ఆ నంబర్లు చీటీలు తీసి ఒక్కొక్కరికీ విడిగా ఫోన్‌లో చెప్పారు. ఏ నంబరు ఎవరిదో పందెం అయిన గంట తర్వాత గాని బయటపెట్టరు. లోకనాథ్ ఒప్పుకున్నాడు. అతని కోసం భీమవరంలో తెలిసినవాళ్ళ సెంటర్లో కంప్యూటరు ఏర్పాటు చేశారు. ముందురోజు జీవరాజు గారు నాకు ఫోన్ చేసి, రేపు మాత్రం నిజంగా చూస్తానండి ప్రసాద్ గారూ అన్నారు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

నాది తొమ్మిదో నంబరు. ఎనిమిది కార్లలో ఆఖరి మూడు చుట్లకి ముగ్గురం మిగిలాం. ముందు పదకొండు, మధ్యలో నేను, నా వెనక నాలుగు. పదకొండుని నేను ప్రతి మలుపులోనూ కొంచెం కొంచెం అందుకుంటున్నాను. కానీ నా చూపంతా అద్దంలోనే ఉంది. నాలుగో నంబరు బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడు, అది లోకనాథ్ పద్ధతి. వెనకున్నది వాడే అనుకున్నాను, సందేహం లేకుండా అనుకున్నాను. వాడికి నేను బాకీ ఉన్నానని ఆగస్టు నుంచీ నన్ను తినేస్తున్నది ఒకటుంది కదా. ఆఖరి మలుపు వచ్చింది. నేను ఎడమకి జరిగి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను.

నాలుగు నన్ను దాటిపోయింది. పదకొండు ముందే గీత దాటేసింది. నేను మూడోవాణ్ణయ్యాను. కుర్చీలో వెనక్కి వాలి, అయిపోయింది, ఇచ్చేశాను అనుకున్నాను. ఐదు నిమిషాలు చాలా హాయిగా ఉంది. ఆ తర్వాత నేనేం చేశానో నాకే తెలిసొచ్చింది. ఏ పనికి వాణ్ణి వెలివేశారో ఆ పనే చేశాను. ఈసారి గంట దాటనివ్వలేదు. ముప్పావు గంటకి రాజమండ్రి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తారు.

"తప్పు నాదేనండి," అన్నాను. "ఆఖరి మలుపులో కావాలని వదిలేశాను."

"రీప్లే చూశానండి. మీ ఫోను కోసమే కూర్చున్నాను." ఈసారి అడిగారు. "ఎందుకొదిలేశారు?"

వెనకున్నది లోకనాథ్ అనుకున్నానని చెప్పాను. అటువైపు నోటుబుక్కు కాగితాలు తిప్పిన చప్పుడు వినబడింది.

"నాలుగు బంగార్రాజు గారండి. లోకనాథ్ పదకొండు."

ఆయన నెమ్మదిగా, ఎవరినీ నొప్పించకూడదన్నట్టు చెప్పారు. ఆఖరి మలుపుకి నేను పదకొండుకి సెకనులో మూడో వంతు వెనక ఉన్నానట. ఆ మలుపులో నేను సరిగ్గా అంతే సంపాదిస్తానని రెండేళ్ళ లెక్క ఆయన దగ్గరుంది. వదలకపోతే అందుకునేవాణ్ణేమో, అందుకోలేకపోయేవాణ్ణేమో.

"రెండేళ్ళు ఈ ఒక్క పందెం కోసం చూశానండి," అన్నారు. "ఇప్పుడా అబ్బాయి నిజంగా గెలిచాడో లేదో నాకు తెలీదు. మీకూ తెలీదు. ఆ అబ్బాయికి కూడా ఎప్పటికీ తెలీదు."

వచ్చే సీజను మీరు ఆడొద్దండి అన్నారు. సరేనండి అన్నాను. కుర్రాడికి చెప్పాలి కదండీ అన్నారు. నేనే చెబుతానండి అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. తర్వాతి ఏడాది ఆ పందేలు ఆగిపోయాయి. జనం ఇళ్ళలోనే నెట్ పెట్టించుకోవడంతో సెంటరూ మూతపడింది. కానీ నా లెక్కలో అవి ఆ సాయంత్రమే ఆగిపోయాయి, ఆపింది నేను.

భీమవరం నంబరు కలిపాను. లోకనాథే ఎత్తాడు. నేను నోరు తెరవకముందే అందుకున్నాడు. "గెలిచానండి సార్. వెనకాల తొమ్మిదో నంబరు ఎవరోగాని, చెమటలు పట్టించేశాడండి. ఎవరో తెలీదు కాబట్టి పోయాను సార్, కాలు తియ్యలేదు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను."

నేను కళ్ళు మూసుకుని చెప్పాను. తొమ్మిది నేనేనని చెప్పాను. కాలు తీసేశానని చెప్పాను. ఆగస్టులో అతను పక్కకి జరగడం చూసి కూడా ఊరుకున్నానని, రేవులో చెప్పనిది కూడా చెప్పాను. తప్పు నాదేనయ్యా అన్నాను. అటువైపు వెనకాల ఎవరో పిల్లలు ఏదో ఆట ఆడుతూ అరుచుకుంటున్నారు.

"పర్లేదండి సార్," అన్నాడు చివరికి, వరండాలో గోడకు చేరబడి నాకు దారిచ్చినప్పటి గొంతుతోనే.